అమ్మతో అంగ్‌కోర్ వాట్ వెళ్తున్నాను, తనకి మోకాళ్ళ నొప్పులు. ఏవి చూపించాలి, ఏవి వదిలెయ్యాలి?

కృష్ణలంక_అమ్మాయి:

అందరికీ నమస్కారం. వచ్చే జనవరిలో అమ్మని తీసుకుని కంబోడియా వెళ్ళాలనుకుంటున్నాను. మేమిద్దరమే. అమ్మకి 67 ఏళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయని డాక్టరు చెప్పి మూడేళ్ళయింది. చదునుగా ఉంటే నెమ్మదిగా కిలోమీటరు దాకా నడుస్తుంది. మెట్లు మాత్రం పది దాటితే కూర్చోవాల్సిందే.

ఈ ప్రయాణం ఎలా మొదలైందో చెప్తాను. అమ్మ సాయంత్రాలు వీధిలో ఆడవాళ్ళని కూర్చోబెట్టుకుని పురాణం చదువుతుంది. క్షీరసాగర మథనం చదివిన రోజు ఎవరో ఫోనులో ఒక ఫోటో చూపించారట. గోడ పొడుగునా మనుషులు వరసగా నిలబడి పాముని పట్టుకుని లాగుతున్నారు. ఇంటికొచ్చాక "ఇది ఏ ఊరి గుడే?" అని నన్నడిగింది. కంబోడియా అన్నాను. "అంత దూరంలో మన కథ ఎవరు చెక్కారే?" అంది. అప్పట్నుంచీ రెండు నెలలుగా రోజూ దాని గురించి ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. నాన్న పోయాక అమ్మ తనంతట తాను ఒక చోటు చూడాలని అడగటం ఇదే మొదటిసారి. అందుకే ఎలాగైనా చూపించాలని పట్టుదలగా ఉన్నాను.

ఒక ట్రావెల్స్ వాళ్ళు ప్లాన్ పంపారు. మూడు రోజులు, పద్నాలుగు గుళ్ళు. మొదటిరోజు తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరాలట. అది చూస్తేనే నాకు టెన్షన్ వచ్చేసింది. అమ్మతో అయ్యే పని కాదు. వీటిలో ఏవి ఉంచుకోవాలి, ఏవి తీసెయ్యాలి? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

ఇంకో రెండు సందేహాలు. ఆ గుడి పడమటి ముఖంగా ఉంటుందని, అది సమాధి లెక్కే తప్ప గుడి లెక్క కాదని పక్కింటావిడ అందట. అమ్మ మనసులో అది పడిపోయింది. నిజమేనా? రెండోది, అక్కడ ఇప్పుడు విష్ణుమూర్తి ఎక్కడైనా ఉన్నాడా? ఒక పువ్వు పెట్టుకుని దణ్ణం పెట్టుకునే వీలుందా, లేక మ్యూజియంలాగా దూరం నుంచి చూసి రావడమేనా?

సింగపూర్_శీను:

నేను ఇక్కడ్నుంచి రెండుసార్లు వెళ్ళానండీ, ఒకసారి మా అత్తయ్యగారితో. పనికొచ్చే సంగతులు కొన్ని చెప్తాను.

పాస్ మూడు రకాలు. ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. మీరు మూడు రోజుల పాస్ తీసుకోండి. అది వరసగా మూడు రోజులు వాడాల్సిన పనిలేదు, పది రోజుల లోపు ఏ మూడు రోజులైనా వెళ్ళొచ్చు. పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు ఇదే ప్రాణం. ఒకరోజు తిరిగి, మర్నాడు రూములో కాళ్ళు చాపుకుని, మూడోరోజు మళ్ళీ వెళ్ళొచ్చు. పాస్ మీద మన ఫోటో ఉంటుంది, ప్రతి గుడి దగ్గరా అడుగుతారు, జాగ్రత్తగా పెట్టుకోండి.

గుళ్ళ దగ్గరి ఊరు సియెమ్ రీప్. అక్కడి విమానాశ్రయం మారింది. 2023 అక్టోబరులో కొత్తది మొదలైంది, అది ఊరికి చాలా దూరం. అమ్మగారు అలిసిపోతారు కాబట్టి దిగిన రోజు ఏమీ పెట్టుకోకండి. ఊళ్ళో తిరగడానికి టుక్‌టుక్ బాగుంటుంది. మన ఆటోలాగా ఇరుకు కాదు, మోటార్‌సైకిల్ వెనక తగిలించిన బండి, ఎదురెదురు సీట్లు, కాళ్ళు చాపుకోవచ్చు. దూరంగా ఉన్న గుడికి మాత్రం కారు మాట్లాడుకోండి, దుమ్ము ఉండదు.

తిండి విషయం. వాళ్ళ వంటల్లో ప్రహోక్ అని చేపల్ని పులియబెట్టిన ముద్ద వేస్తారు, చేపల సాస్ కూడా చాలావాటిలో పడుతుంది. కూరగాయలే అని చెప్పినా అందులో అది ఉండొచ్చు. ఊళ్ళో మన దేశపు హోటళ్ళు ఉన్నాయి, ఇబ్బంది లేదు. మా అత్తయ్యగారు మాత్రం పులిహోర పొడి, అటుకులు తెచ్చుకున్నారు. పగలు గుళ్ళ దగ్గర అవే ఆదుకున్నాయి.

గుడి మధ్యలో ఉన్న పై అంతస్తుకి చెక్కమెట్లు కట్టారు. అవి కూడా నిచ్చెనలాగా నిలువుగానే ఉంటాయి. అమ్మగారిని అటు తీసుకెళ్ళకండి. మీరొక్కరూ ఎక్కాలనుకుంటే భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి, లేకపోతే పంపరు.

సింహాద్రి_వాసి:

పడమటి ముఖం గురించి అమ్మగారికి ఈ ఒక్క మాట చెప్పండి. మా సింహాద్రి అప్పన్న గుడిది పడమటి ముఖమే. శ్రీకాళహస్తిలో స్వామి కూడా పడమటి వైపే చూస్తాడు. ఏటా చందనోత్సవానికి ఎంతమంది కొండెక్కుతారో మీకు తెలుసు. పడమటి ముఖం అయినంత మాత్రాన అది గుడి కాకుండా పోతుందా?

నేను అంగ్‌కోర్ వెళ్ళలేదు. కానీ మా నాన్నమ్మ ఇలాంటి అనుమానాలతోనే కాశీ వెళ్ళడం పదేళ్ళు వాయిదా వేసి, చివరికి వెళ్ళకుండానే పోయింది. అందుకే రాస్తున్నాను. అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్ళండి.

ఉలి_సుత్తి_ఆళ్ళగడ్డ:

అమ్మా, మీ ప్రశ్న నిన్న రాత్రి చూశాను. పొద్దున షెడ్డు తెరవకముందే కూర్చుని రాస్తున్నాను. మాది ఆళ్ళగడ్డ. మా నాయన, మా జేజినాయన రాతిపనే చేశారు. నేను ఉలి పట్టి 38 ఏళ్ళయింది. 2019లో ఒకసారి, 2023లో ఒకసారి అంగ్‌కోర్ పోయి వచ్చాను. రెండోసారి పోయింది ఒక్క గోడ కోసమే. అది మీ అమ్మగారు ఫోనులో చూసిన గోడే.

ముందు ఆ పద్నాలుగు గుళ్ళ కాగితం పక్కన పెట్టండి. రాతిపని చూడాలంటే ఎన్ని గుళ్ళు అనేది లెక్క కాదు, వెలుగు ఏ పక్క నుంచి పడుతోంది అనేదే లెక్క. ఆ గోడల మీద బొమ్మలు లోతుగా చెక్కినవి కావు. వేలు మందం కూడా ఉండవు చాలాచోట్ల. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు పోతే బొమ్మలన్నీ గోడలో కలిసిపోయి, బూడిదరంగు గుడ్డ పరిచినట్టు కనపడతాయి. అదే ఎండ పక్కవాటుగా పడితే ఒక్కొక్క వేలూ, ఒక్కొక్క గోరూ లేచి నిలబడుతుంది. మథనం ఉండేది తూర్పు వసారాలో. కాబట్టి పొద్దున పోవాలి. కురుక్షేత్రం, లంకా యుద్ధం ఉండేవి పడమటి వసారాలో. వాటికి సాయంత్రం మూడు తర్వాత పోవాలి. ఈ ఒక్కటి పాటిస్తే మీ యాత్ర సగం పండినట్టే.

అందరూ సూర్యోదయం కోసం పడమటి వైపు కొలను దగ్గర గుంపులో నిలబడతారు. మీరు ఆ గుంపులోకి పోవద్దు. తీరిగ్గా ఏడింటికి తూర్పు ద్వారం దగ్గర దిగండి. అటు పెద్దగా జనం రారు, చెట్ల మధ్య మట్టి దారి ఉంటుంది. గుడి అరుగు ఎక్కడానికి కొన్ని మెట్లు తప్పవు, నెమ్మదిగా ఒక్కొక్కటీ ఎక్కించండి. ఎక్కాక ఎడమచేతి వైపు వసారాలోకి తిరిగితే అదే మథనం. మడతపెట్టే చిన్న స్టూలు ఒకటి ఇక్కణ్ణుంచే పట్టుకుపోండి. అమ్మని గోడకి నాలుగు అడుగుల దూరంలో కూర్చోబెట్టండి.

ఆ గోడ 49 మీటర్లు. మీ ఎడమవైపు 92 మంది అసురులు, కుడివైపు 88 మంది దేవతలు. వాసుకి తలలు అసురుల వైపు, తోక దేవతల వైపు. నడుమ మందరం, దాని ముందు విష్ణువు, కింద కూర్మం, పైన ఇంద్రుడు. అసురులకి గుడ్లు ఉబ్బి ఉంటాయి, తలమీద జుట్టులాంటి శిరస్త్రాణం. దేవతలకి కోలకళ్ళు, మొనదేరిన కిరీటం. ఇంతమందినీ ఒకే అచ్చులో పోసినట్టు కనపడేలా, అయినా లాగే బలం ఒక్కొక్కరి పిక్కలో ఒక్కోలా కనపడేలా చెక్కడం ఎంత కష్టమో చేసేవాడికే తెలుస్తుంది. కిందికి చూడండి. చేపలు, మొసళ్ళు ఉంటాయి. అంచుల దగ్గర నిండుగా ఉన్న చేపలు, మందరం దగ్గరికి వచ్చేసరికి తిరుగుడు వేగానికి రెండు ముక్కలైపోయి ఉంటాయి. నేను ఆ ముక్కల దగ్గర అరగంట కూర్చున్నాను. సముద్రం తిరుగుతున్నట్టు రాతిలో చూపించాలంటే నీళ్ళు చెక్కితే రాదు, చేపని తెగ్గొడితే వచ్చింది. ఆ ఆలోచన వచ్చినవాడు ఎవరో పేరు లేదు.

నడుమ మందరం దగ్గర కొంత పని పూర్తికాలేదు. ఉలి గాట్లు అట్లాగే ఉన్నాయి. వాటిని చూసినాకే నాకు వాళ్ళ పద్ధతి తెలిసింది. ముందు గోడ పేర్చేశారు. ఆ తర్వాతే గోడమీద గీతలు గీసి, అక్కడే నిలబడి చెక్కారు. కాబట్టి ఒక రాయికీ ఇంకో రాయికీ మధ్య సందు ఒక అసురుడి మొహం మీదుగా పోతుంది. అయినా మొహం చెదరలేదు. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయిని రాయి మీద పెట్టి రుద్ది రుద్ది అతికించారు. చెక్కని గోడల మీద చూడండి, రూపాయి బిళ్ళంత గుండ్రటి గుంతలు కనపడతాయి. చాలామంది తుపాకీ గుళ్ళ గుర్తులు అనుకుంటారు. రాయిని లేపడానికి ఆ గుంతల్లో చెక్క మేకులు దిగ్గొట్టి తాళ్ళు కట్టేవాళ్ళు. రాయి అంతా కులెన్ కొండల నుంచి, దాదాపు 40 కిలోమీటర్ల నుంచి, కాలవల్లో తెప్పల మీద తెచ్చారు.

మథనం చూశాక వెనక్కి వచ్చి, మీరు ఎక్కిన ద్వారం దాటి అదే తూర్పు వసారాలో అటు పక్కకి పోండి. పది నిమిషాల పనే. అక్కడ విష్ణువు అసురుల్ని చంపే గోడ ఉంది. అది చూస్తూనే నాకు కాళ్ళు ఆగిపోయాయి. చెయ్యి మారిపోయింది. మథనంలో ఉన్న పిక్క బలం లేదు, మొహాల్లో ప్రాణం లేదు, గీతలు బిగుసుకుపోయి ఉన్నాయి. గైడుని అడిగితే చెప్పాడు. గుడి కట్టించిన రెండో సూర్యవర్మ 12వ శతాబ్దం వాడు. ఈ గోడ అప్పుడు ఖాళీగా ఉండిపోయింది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత, 1546 నుంచి 1564 మధ్య, ఇంకో రాజు పూర్తి చేయించాడు. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు నాకు. పని నేర్పే గురువు నుంచి శిష్యుడికి అందాల్సింది నడుమ ఎక్కడో తెగిపోయింది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత వచ్చినవాళ్ళకి ఆ పాత గోడ పక్కనే ఉంది, కళ్ళ ముందే ఉంది. చూసి చెక్కడానికి ప్రయత్నించారు. చూసి నేర్చుకుంటే రాలేదు. మా షెడ్లో ఇప్పుడు మిషను కోస్తుంది, మిషను నునుపు పడుతుంది. మా పిల్లోళ్ళు విగ్రహానికి కళ్ళు తెరిచే పని ఒక్కటి చేత్తో చేస్తున్నారు. ఆ రెండు గోడలూ పక్కపక్కన చూసిన తర్వాత ఇంటికొచ్చి నా కొడుక్కి మొదటి నుంచి మళ్ళీ చేతిపని పట్టించాను.

రెండోరోజు బంటియాయ్ స్రీ పోండి, కారులో. 967లో ప్రతిష్ఠ చేసిన శివుడి గుడి. రాజు కట్టించింది కాదు, యజ్ఞవరాహుడనే రాజగురువు కట్టించాడు. చిన్న గుడి, ఎక్కేది ఏమీ లేదు, అమ్మకి హాయి. రాయి ఎర్రగా ఉంటుంది, మిగతా గుళ్ళ రాయి కంటే గట్టిది. అందుకే వెయ్యేళ్ళయినా అంచులు పదునుగా ఉన్నాయి. మిగతా చోట్ల స్తంభాలు ఉల్లిపొరల్లాగా లేచిపోతున్నాయి చూడండి. ఇసుకరాయి పొరలు పొరలుగా పుడుతుంది. పుట్టినప్పుడు ఎట్లా పడుకుని ఉందో అట్లాగే పెడితే బరువు మోస్తుంది. నిలువుగా నిలబెడితే పొర లేస్తుంది. పొడుగాటి స్తంభాలకి వాళ్ళకి వేరే దారి లేకపోయింది.

అక్కడ రావణుడు కైలాసాన్ని ఎత్తడం ఉంది. అడుగున ఏనుగులు, సింహాలు భయపడి పారిపోతుంటాయి, మీద పార్వతి శివుణ్ణి కరుచుకుని ఉంటుంది. ఖాండవ దహనం ఉంది. వర్షాన్ని వాలుగా గీసిన గీతలతో చూపించారు. వాలి సుగ్రీవుల పోరు ఉంది. మీ అమ్మగారు మీకంటే ముందే గుర్తుపడతారు, గైడుని పెట్టుకోకపోయినా పరవాలేదు. 1923లో ఆంద్రే మాల్రో అనే ఫ్రాన్సు మనిషి ఆ గుడి నుంచి దేవతా బొమ్మల్ని కోయించి తీసుకుపోతూ పట్టుబడ్డాడు. రాళ్ళు మళ్ళీ తెచ్చి పెట్టారు. ఆ మనిషే తర్వాత ఫ్రాన్సుకి సంస్కృతి మంత్రి అయ్యాడు. నాకు ఇప్పటికీ మింగుడుపడదు ఆ సంగతి.

మూడోరోజు తా ప్రోమ్ ఒక్కటి చాలు. చెట్ల వేళ్ళు గోడల్ని పట్టుకున్న గుడి అంటే అందరికీ తెలుసు. ఏడో జయవర్మ 1186లో దాన్ని వాళ్ళ అమ్మ పేరున ప్రతిష్ఠించాడు. అక్కడి శాసనంలో 12,640 మంది ఆ గుడిలో ఉండేవాళ్ళని, అందులో 615 మంది నాట్యకత్తెలని లెక్క రాసి ఉంది. చాలావరకు చదునే, కానీ నేలమీద రాళ్ళు ఎగుడుదిగుడు, చెయ్యి పట్టుకుని నడిపించండి. బయోన్ అనే గుడి గోపురాల మీది పెద్ద రాతి మొహాలు దారిలోనే కాబట్టి బండి ఆపి బయట నుంచి చూపించండి, లోపల మెట్లు ఎక్కువ.

పక్కింటావిడ మాట పూర్తిగా తప్పని నేను చెప్పను. ఆ వసారాల్లో కథలు చదువుకుంటూ పోతే గుడి మన ఎడమచేతి వైపు ఉంటుంది. అంటే ప్రదక్షిణకి ఎదురు, అపసవ్యం. పితృకార్యాల్లో మనం చేసే పద్ధతే. రాజు పోయాక ఆయనకి పెట్టిన పేరు పరమవిష్ణులోకుడు. అందుకని రాజు విష్ణులోకం చేరడానికి కట్టుకున్న గుడి అని చదువుకున్నవాళ్ళు చెప్తారు. కానీ విష్ణువు గుడి అనేదాంట్లో ఎవరికీ అనుమానం లేదు. మీ నాన్నగారు పోయారని రాశారు. అమ్మ ఆ గోడ పక్కన అపసవ్యంగా నడిస్తే దోషమేమీ కాదని నాకనిపిస్తుంది.

కృష్ణలంక_అమ్మాయి:

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. ఉలి గారూ, మీరు రాసింది అమ్మకి మొత్తం చదివి వినిపించాను. చేపల దగ్గర మళ్ళీ చదవమంది. స్టూలు కొనేశాం. ట్రావెల్స్ వాళ్ళకి వద్దని చెప్పేశాను. ఒక్కటి మిగిలిపోయింది. స్వామికి పువ్వు పెట్టే చోటు ఉందా? ఇంకా, మీకు అక్కడ శిల్పులెవరైనా కలిశారా అని అమ్మ అడగమంది.

ఉలి_సుత్తి_ఆళ్ళగడ్డ:

ఉన్నాడమ్మా స్వామి. పడమటి గోపురంలో, బయటి నుంచి వచ్చేటప్పుడు కుడిచేతి వైపు గదిలో. ఎనిమిది చేతుల విష్ణువు, మనిషికి రెండింతల ఎత్తు, ఒకటే రాయి. అక్కడివాళ్ళు తా రీచ్ అంటారు. వాళ్ళు బౌద్ధులే, అయినా ఆయనకి కాషాయం గుడ్డ చుట్టి, అగరొత్తులు వెలిగించి, పూలు, పండ్లు పెడతారు. నేను పోయినప్పుడు ఒక ముసలామె మనవడికి జ్వరం తగ్గిందని వచ్చి అరటిపండ్లు పెట్టింది. గైడు చెప్పాడు నాకు. అమ్మ నిక్షేపంగా పువ్వు పెట్టొచ్చు. సాయంత్రం కురుక్షేత్రం కోసం పడమటి వైపు వస్తారు కదా, ముందు అక్కడ ఆగండి. అక్కణ్ణుంచి గుడిదాకా రాతిబాట 350 మీటర్లు, నడుమ ఒకసారి కూర్చోండి.

శిల్పుల సంగతి. ఊళ్ళో రాతిపని నేర్పే చోటొకటి ఉంటే పోయాను. ఇరవై ఏళ్ళ పిల్లలు వరసగా కూర్చుని చెక్కుతున్నారు. భాష తెలియదు. నా అరచేతి కాయలు చూపించాను. అందులో పెద్దాయన ఒకాయన లేచి వచ్చి తన చెయ్యి నా చేతి పక్కన పెట్టాడు. ఇద్దరికీ అదే చోట కాయలు. ఉలి ఇచ్చి ఒక పద్మం రేకు చూపించాడు. మాది నల్లరాయి, దెబ్బ గట్టిగా వెయ్యాలి. ఆ అలవాటుతో కొట్టాను, ఇసుకరాయి కదా, రేకు అంచు ఊడిపోయింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ఏమీ అనకుండా నా మణికట్టు పట్టుకుని దెబ్బ తేలిక చేయించాడు. రెండో రేకు సరిగ్గా వచ్చింది. గురువుని వాళ్ళు క్రూ అంటారు, శాలని సాలా, శిల్పాన్ని సెల్‌ప అంటారు. ఆ మూడు మాటలతోనే ఆ పూట గడిపాము.

కృష్ణలంక_అమ్మాయి:

వెళ్ళొచ్చాం. జనవరి చివర్లో. కాస్త ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

తూర్పు ద్వారం దగ్గర ఏడుంపావుకి దిగాం. మెట్ల దగ్గర అమ్మ రెండుసార్లు ఆగింది. వసారాలోకి తిరగ్గానే ఎండ స్తంభాల మధ్య నుంచి గోడ మీద చారలు చారలుగా పడుతోంది. ఉలి గారూ, మీరు చెప్పినట్టే గోళ్ళు కూడా కనపడ్డాయి. అమ్మ స్టూలు మీద కూర్చోనే లేదు. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. చేపల దగ్గర వంగి చూసి, "తెగిపోయింది చూడు, పాపం" అంది. ఆ తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టింది. దేవతలు 88 మందీ వచ్చారు. అసురులు ఒకసారి 91, ఒకసారి 93. మూడోసారి లెక్కపెడతానంటే నేనే బతిమాలి కూర్చోబెట్టాను.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. తోక చివర పట్టుకున్నది హనుమంతుడని పక్కన ఉన్న గైడు ఎవరికో చెప్తున్నాడు. అమ్మకి వివరించాను. అమ్మ ఒప్పుకోలేదు. మథనం జరిగినప్పుడు హనుమంతుడు ఎక్కడున్నాడు, ఆయన త్రేతాయుగం వాడు కదా అంది. ఆ గైడు నవ్వేసి, మా దగ్గర అలాగే చెప్తారమ్మా అన్నాడు. అమ్మ ఆ రోజంతా దాని గురించే ఆలోచించింది. ఉలి గారూ, దీనికి మీరేమంటారు?

సాయంత్రం తా రీచ్ దగ్గర అగరొత్తులు అమ్మే ఆవిడ తామర మొగ్గలు కూడా పెట్టుకుని ఉంది. అమ్మ రెండు కొంది. ఒకటి మా నాన్న పేరు చెప్పి పెట్టింది.

ఉలి_సుత్తి_ఆళ్ళగడ్డ:

మంచి ప్రశ్న వేశారు అమ్మగారు. నాకు శాస్త్రం తెలియదు. పనివాడిగా ఒకటి చెప్తాను. అసురుల చివర వాసుకి తలలు ఉన్నాయి, ఆ చివర గోడ దానంతటదే బరువుగా నిలబడింది. ఈ చివర మిగిలింది సన్నటి తోక. 49 మీటర్ల గోడ తోకతో ముగిస్తే ఒక పక్కకి ఒరిగిపోయినట్టు ఉంటుంది. కాబట్టి అక్కడ పెద్ద ఒళ్ళు కావాలి, తోక పట్టుకుని వెనక్కి వాలి నిలబడే బలం కావాలి. నేనైనా అక్కడ ఆయన్నే పెట్టేవాణ్ణి.

కృష్ణలంక_అమ్మాయి:

అమ్మకి చదివి వినిపించాను. బాగుంది అంది. తన సమాధానం అంతకుముందే దొరికిందట, నిన్న వీధిలో వాళ్ళకి ఫోటో చూపిస్తూ చెప్పింది కూడా. "తోక విలువ ఆయనకి కాక ఎవరికి తెలుసు, అందుకే ఆయన చేతికిచ్చారు."